గోల్‌కీపర్ మీదికి తోసిన మాట

బెంగళూరు పక్కన జిగణి ఫ్యాక్టరీల్లో పనిచేసే మేం కొంతమందిమి కలిసి పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టుకు లెక్కలు నేనే చూసేవాణ్ణి. అందరూ నా ఫోన్‌కే డబ్బు పంపేవాళ్లు. జట్టు డబ్బూ నా జీతమూ ఒకే ఖాతాలో ఉండేవి. లెక్కల పుస్తకం పెట్టమంటే, అంతా గుర్తుందిలే అనేవాణ్ణి.

ఆ ఆదివారం టోర్నమెంటు ఫీజు కట్టడానికి పన్నెండింటి వరకే గడువు. ఫీజు కట్టించుకునే బల్ల దగ్గర ఫోన్ తీస్తే ఖాతాలో డబ్బు చాలదని వచ్చింది. ముందురోజు నా బండి ఈఎంఐ అందులోంచే కట్ అయింది. ఆ సంగతి నాకు వెంటనే తట్టింది. అయినా కెప్టెన్‌తో, "గోల్‌కీపర్ ఇంకా ఇవ్వలేదు" అన్నాను.

గోల్‌కీపర్ వెనకే నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, నేను ఇయ్యలేదా?" అంటూ ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "రెండు ఓవర్‌టైంలు చేసి పంపినాను. ముట్టిందని బొటనవేలు బొమ్మ కూడా పెట్టినావు, చూడు."

ఇంకా పది నిమిషాలే ఉంది. కెప్టెన్ నావైపే చూస్తున్నాడు.

"నా ఈఎంఐకి పోయింది" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తలా కొంత మళ్లీ వేశారు, ఈసారి గోల్‌కీపర్ ఫోన్‌కు. ఫీజు కట్టింది అతనే.

జీతం రాగానే ఆ డబ్బు తిరిగిచ్చేశాను. ఇప్పుడు పుస్తకం అతని దగ్గరే ఉంది. నేను అతనికి క్షమాపణ కూడా చెప్పాను, కానీ రెండు వారాల తర్వాత, పక్కన ఎవరూ లేనప్పుడు. అబద్ధం మాత్రం అందరి ముందే చెప్పాను.