విమానం వాళ్ళ అన్నం

మా ఇంట్లో మధ్యాహ్నం ఎంతమందికి వండాలో విమానాలు వచ్చి చెప్పేవి. డెబ్భైలనాటి మాట. ఫలక్‌నుమా దాటి ఇంకా దక్షిణంగా పోతే, గుట్టలూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని చోట విమానాలు దిగే చిన్న మైదానం ఒకటి ఉండేది. షౌకుకు సొంతంగా విమానం నడుపుకునే కలిగినవాళ్ళు బెంగుళూరు నుంచి నాగపూర్‌కో, బొంబాయి నుంచి మద్రాసుకో పోతూ పెట్రోలు కోసం అక్కడ ఆగేవారు. మా బావ, అంటే మా ఆయన అన్న, అక్కడ పనిచేసేవాడు. డ్రమ్ముల్లోంచి పెట్రోలు పోయడం, కాపలా కాయడం, రన్‌వే మీద పడుకున్న బర్రెలను తోలడం అన్నీ ఆయనే. హోటల్ మాట దేవుడెరుగు, చుట్టుపక్కల చాయ్ బండి కూడా లేదు. అందుకని ఆ పైలట్లకు అన్నం మా ఇంటి నుంచే పోయేది. మాకు ఫోన్ లేదు కాబట్టి బావ ఒక పద్ధతి పెట్టాడు. దిగే ముందు విమానం మా మిద్దె మీద చుట్లు కొట్టాలి. లోపల ఎంతమంది ఉంటే అన్ని చుట్లు. తరచూ వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

వండేది నేను. పట్టుకుపోయేది బావ భార్య, నా తోడికోడలు. అక్కా అని పిలిచేదాన్ని. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఈ పంపకం జరిగిపోయింది.

"నా మొగడున్న కాడికి నేను పోతగని, నువ్వు పొయ్యి కాడ సూస్కో పిల్లా" అంది.

నేను పొగలో కళ్ళు నలుపుకుంటూ బగారన్నం దించి, కోడికూర, ఖట్టీ దాల్ టిఫిన్ క్యారియర్‌లో సర్దేలోపు ఆమె మొహం కడుక్కుని, పౌడర్ అద్దుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని తయారయ్యేది. గల్లీ చివరిదాకా ఊపుకుంటూ నడిచి రిక్షా ఎక్కేది. సాయంత్రానికి ఖాళీ టిఫినుతో, నోటి నిండా కబుర్లతో దిగేది.

కబుర్లంటే మామూలువి కావు. తృప్తిగా తిన్న పైలట్లు అన్నం తెచ్చిన మనిషిని విమానంలో ఒక చుట్టు తిప్పుతారట. అది వాళ్ళ మర్యాదట. పొద్దుగూకే వేళ గల్లీలోని ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరి చింతపండులో గింజలు తీస్తుంటే, ఆమె మధ్యలో పీట వేసుకుని చెప్పేది.

"చార్మినార్ ఎంతుంటదనుకున్నరు? మన ఉప్పు గురిగంత. మూసీ అయితే ఎవలో చీర ఆరేసి మర్శిపోయినట్టుంటది. మన గల్లీ మీదికెళ్ళి వస్తుంటే కిందికి జూసిన. మా చెల్లె మిద్దె మీద నిలవడ్డది. నెత్తి మీద కొంగు గూడ లేదు!"

అందరూ నా వైపు తిరిగి పగలబడి నవ్వేవారు. నిజంగానే నేను మిద్దె మీద నిలబడేదాన్ని. కొంగు సంగతి ఎవరికి గుర్తుంటుంది? కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా పోతున్న ఆ తెల్లటి చుక్కను చూస్తూ, అందులో నా తోడికోడలు దర్జాగా కూర్చుని ఉందని తలుచుకుంటే నాకు ఒళ్ళంతా భగ్గుమనేది. నా చేతి కూర తిని, నా చేతి అన్నం తిని, వాళ్ళు తిప్పేది ఆమెనా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను ఆ విమానం ఎక్కి, అదే అరుగు మీద కూర్చుని, ఆమె నోరు మూతపడేలా చెప్పాలి. ఆ రోజుల్లో దేవుణ్ణి నేను అడిగింది ఇదొక్కటే. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయనతో చెప్పుకుంటే ఆయనకు నవ్వులాటగా ఉండేది.

"బస్సెక్కితేనే కక్కుతవ్, నీకెందుకే విమానం ఫికర్?" అనేవాడు.

ఒక వానాకాలం ఉదయం విమానం చప్పుడు వినబడితే నేనూ అక్కా మిద్దె ఎక్కాం. ఒక చుట్టు కొట్టింది. రెండు. మూడు. మళ్ళీ వచ్చింది, ఇంకా మళ్ళీ వచ్చింది.

"ఐదుగురా! గంత చిన్న దాంట్ల ఎట్ల పట్టిన్రే?" అంది అక్క.

పట్టారో లేదో మనకెందుకని పెద్ద గిన్నె ఎక్కించాను. ఐదుగురి అన్నం రెండు టిఫిన్ క్యారియర్లకు వచ్చింది. రెండూ పట్టుకోవడం తన వల్ల కాదంది అక్క. నేను ఆ మాట కోసమే కాచుకున్నదానిలా చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. రిక్షాలో దారి పొడుగునా ఆమె ఒళ్ళోని టిఫిన్ మూత బిగిస్తూనే ఉంది.

తీరా పోతే అక్కడ ఉన్నది ఒక్క విమానం, ఒక్క మనిషి. రన్‌వే మీదికి బర్రెలు వచ్చాయట. బావ ఇటు తోలితే అవి అటు నుంచి వచ్చాయట. పాపం ఆ పైలట్ దిగే దారి లేక తిరిగిన ప్రతిసారీ మా మిద్దె మీదుగానే తిరిగాడు. మేము రెండు టిఫిన్లతో దిగేసరికి ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. కోస్తా మనిషి, బెంగుళూరులో వ్యాపారం చేస్తాడని బావ చెప్పాడు. షెడ్డులో నులక మంచం మీద కూర్చుని అన్నిట్లోంచీ తలా కొంచెం పెట్టించుకుని తిన్నాడు. కోడికూర రెండోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని అక్క వైపు తిరిగాడు.

"ఈసారైనా ఎక్కుతారా అమ్మా? లేకపోతే ఎప్పట్లాగే రెక్క దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతారా?"

నాకు వెంటనే తలకెక్కలేదు. బావ వైపు చూశాను. ఆయన మీసాల్లో నవ్వుకుంటూ డ్రమ్ము మూత బిగించడంలో పడ్డాడు. అక్క మిగిలిన అన్నం గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది, తల ఎత్తడం లేదు. అప్పుడు అర్థమైంది. ఆమె ఏనాడూ ఎక్కలేదు! ఇన్నాళ్ళూ నేను మిద్దె మీద నిలబడి ఖాళీ సీటును చూసి ఏడ్చాను.

"నేనొస్త" అన్నాను గట్టిగా.

ఎక్కాను. ఏం చెప్పను? తలుపు వేయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. చెవులు దిమ్మెక్కే మోత. నేల వదలగానే పేగులన్నీ గొంతులోకి వచ్చాయి. పట్నం మీదికి ఎక్కువ దూరం పోకూడదట, అంచున తిప్పుతూ ఆయన చార్మినార్ అదిగో అని కుడివైపు చూపించాడు. నేను ఎడమవైపు చూశాను. తిరిగి చూసేసరికి అంతా మబ్బు, పొగ. మా ఇల్లు ఏదో తెలియలేదు, అన్నీ ఒకేలాంటి మిద్దెలు, ఒకేలాంటి రేకులు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కొంగులో కక్కుకున్నాను.

తిరుగు రిక్షాలో అక్క మెల్లగా అడిగింది.

"మూసీ కనవడ్డదా? పైకెళ్ళి ఎట్లుంటది?"

"ఏంది, నీకు తెల్వదా?" అన్నాను.

ఆమె మొహం అటు తిప్పుకుంది. నాకు మహా తృప్తిగా ఉంది. ఈ సాయంత్రం అరుగు మీద ఆమె బండారం బయటపెట్టి, ఆ పీట మీద నేను కూర్చోవాలనుకున్నాను.

సాయంత్రం అందరూ వచ్చారు. నేను విమానం ఎక్కానన్న కబురు అప్పటికే గల్లీ అంతా పాకిపోయింది.

"చెప్పే, ఎట్లుండె?" అన్నారు.

"మస్తు లొల్లి. చెవులు పోయినయ్. కడుపుల తిప్పింది" అన్నాను.

వాళ్ళు ఎదురుచూశారు. నేను వెతుక్కున్నాను. ఇంకేమీ దొరకలేదు.

"తూ చుప్ బైఠ్ మా, బడీ బహూకు బోల్నే దే" అంది పక్కింటి ఖాలా. నువ్వుండమ్మా, పెద్దకోడలిని చెప్పనీ అని.

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. ఒక్క మాటతో ఆమె పని అయిపోతుంది, ఆ మాట నా నాలుక మీదే ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆమె మొదలుపెట్టింది.

"మా చెల్లె గుండె గుండె గాదుల్లా! నా లెక్క గాదు. గట్ల కొంగు నడుముకు చెక్కి ఎక్కి కూసున్నది. విమానం లేశింది. చెల్లె కిందికి జూస్తే ఫలక్‌నుమా రైలు గొంగళిపురుగు లెక్క పోతున్నది. దబీర్‌పురా మీదికెళ్ళి పావురాలు లేశినయ్, చెల్లె కాళ్ళ కిందకెళ్ళి. ఎన్నడన్న జూశిన్రా, పావురాల ఈపు మీద ఎండ పడంగ?"

చింతపండు గింజలు తీసే చేతులు ఆగిపోయాయి. ఒకామె నా మోకాలు పట్టుకుని నన్ను మెచ్చుకోలుగా చూసింది. ఎక్కింది నేను, కక్కింది నేను, నా విమానం కూడా ఆమె పాలే అయింది. ఆ పావురాలు నాకెందుకు కనబడలేదు?

అక్క ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నేను పీట దగ్గరికి జరిగాను.

"చెప్పక్కా, అటెనుక నేనేం జూసిన?" అన్నాను.