ట్యూబ్‌లైటు కింద నిలిచిన గీతలు

కిందటి వారం ఆటోనగర్‌లోని మా దుకాణానికి ఒక ఇంజనీరుగారు వచ్చారు. వాళ్ల తాతగారి కాలం నాటి ట్రాక్టరును బాగు చేయించుకుంటున్నారట. దాని ఆర్పీఎం మీటరును తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చారు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే ఇలాంటి పాత మీటరు ఏ దేశానిదైనా సరే, నా బల్ల మీద పెడితే దాని జాతకం చెప్పేస్తాను. గొప్పకు అనడం లేదు. సరే, కాస్త గొప్పకే అంటున్నాను. విప్పి, శుభ్రం చేసి, ముల్లు కదిలేలా చేశాక ఆయన, "ఇది కరెక్టుగానే చూపిస్తోందని మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు ఆ ప్రశ్నకు నా దగ్గర మహా తెలివైన జవాబు ఉండేది.

తొంభైల మొదట్లో నేను ఈ దుకాణంలోకి అల్లుడి హోదాలో అడుగుపెట్టాను. చేతిలో ఎలక్ట్రికల్ డిప్లొమా, తలలో దాన్ని మించిన పొగరు. మా మామగారు అప్పటికే ముప్పై ఏళ్లుగా మీటర్లు బాగుచేస్తున్నారు. శుక్రవారం నమాజు వేళ తప్ప ఆ స్టూలు మీద నుంచి లేచేవారు కాదు. మీటరు లోపల ఒక అయస్కాంతం తిరుగుతుంది, దాని మీద అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెకు వెంట్రుకంత స్ప్రింగు, ఆ పైన ముల్లు. ఆ స్ప్రింగును ఆయన భూతద్దం లేకుండా సరిచేసేవారు. అది పూర్తయ్యాక అసలు తతంగం మొదలయ్యేది. మీటరును బల్ల మీది మోటారుకు తగిలించి, చుట్లు లెక్కపెట్టే ఇత్తడి కౌంటరు మొనను మోటారు ఇరుసుకు ఆనించి, చేతి గడియారం చూస్తూ కచ్చితంగా ఒక నిమిషం లెక్కించేవారు. అలా మూడుసార్లు. ఆ నిమిషంలో ఎవరూ మాట్లాడకూడదు. టీ తెచ్చినవాడు కూడా గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడాల్సిందే.

ఇంత ఆలస్యం నాకు నచ్చలేదు. ఒక తెల్ల అట్టను గుండ్రంగా కత్తిరించి, దాని మీద నాలుగు నల్ల గీతలు గీసి, మోటారు ఇరుసుకు బిగించాను. ట్యూబ్‌లైటు మన కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది కానీ సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. మోటారు సరిగ్గా పదిహేను వందల చుట్ల మీద ఉంటే, తిరుగుతున్న గీతలు ఆ వెలుగులో కదలకుండా నిలబడిపోతాయి. అప్పుడు ముల్లును పదిహేను వందల మీద పెడితే పని అయిపోయినట్టే. మామగారు ఆ గీతలను చాలాసేపు చూసి, కౌంటరును సొరుగులో పెట్టేశారు. గెలిచాననుకున్నాను.

ఆ ఏడాది ఎండాకాలంలోనే కంకిపాడు వైపు నుంచి ఒక సినిమా హాలు ఆపరేటరు వచ్చాడు. వాళ్ల పాత జనరేటరు మీటరును నెల కిందటే నేను సెట్ చేసిచ్చాను.

"సాయిబుగారూ, మధ్యాహ్నంపూట కరెంటు మీద ఆడిస్తే పాటలు సాగుతాయండీ, అది మాకు అలవాటే. జనరేటరు వేస్తే చక్కగా ఉండేవి. మీ దగ్గర బాగుచేయించాక దాని మీద కూడా సాగుతున్నాయండీ. హీరోయిన్ పాడుతుంటే వాళ్ల నాన్న పాడినట్టుంది."

నేను జనరేటరులోనే ఏదో లోపమని వాదించబోయాను. మామగారు చెయ్యెత్తి ఆపారు. మధ్యాహ్నం రెండు గంటలు. ట్యూబ్‌లైటు కింద గీతలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఆయన సొరుగులోంచి కౌంటరు తీసి లెక్కించారు. పద్నాలుగు వందల నలభై. మూడుసార్లూ అంతే. ఊరంతా ఫ్యాన్లు, పొలాల్లో మోటార్లు తిరిగే ఎండాకాలం మధ్యాహ్నాల్లో కరెంటు కూడా అలసిపోయి నెమ్మదిస్తుంది. దానితోపాటే ట్యూబ్‌లైటు మినుకులూ నెమ్మదిస్తాయి. గీతలు పద్నాలుగు వందల నలభై దగ్గరే నిలబడితే నేను ముల్లును పదిహేను వందల మీద పెట్టి పంపాను, ఆ ముల్లును నమ్మి వాళ్లు జనరేటరునూ నెమ్మదిగానే తిప్పారు. పుస్తకంలో రాసిందే తీగలోనూ వస్తుందని నమ్మినవాణ్ణి నేను. ఆపరేటరుతో మామగారు, "పొరపాటు మాదే బాబూ, ఇప్పుడే సరిచేసి ఇస్తాను," అన్నారు.

అతను వెళ్లాక లెక్క చూస్తే, ఆ వేసవిలో నా గీతలను నమ్మి పంపిన మీటర్లు మరో పదకొండు తేలాయి. ముప్పై ఏళ్లుగా ఆయన చేతి పని అంటే మళ్లీ చూసుకోనక్కర్లేదని పేరు. అది నా మూలంగా పోతుందని భయమేసింది. "వాళ్లెవరూ ఏమీ అనలేదు కదా, మనంతట మనమే వెళ్లి చెప్పుకోవడం ఎందుకు?" అన్నాను.

"వాళ్లకి తెలీదు బాబూ. మనకి తెలిసిందిగా," అన్నారు.

దుకాణానికి తాళం వేసి, స్కూటరు మీద ఇద్దరం ఊళ్లు పట్టుకు తిరిగాం. కాలవ గట్ల వెంట వడగాలి, నా ఒళ్లో సామాన్ల సంచి, ఆయన జేబులో కౌంటరు. చాలామంది నవ్వి మజ్జిగ ఇచ్చారు. అడగకుండా వచ్చి బాగుచేసే మనుషుల్ని చూసి కొందరు అనుమానపడ్డారు కూడా. ఆఖరిది ఉయ్యూరు దగ్గర ఒక చెరుకు రైతు ట్రాక్టరు. ఆ రైతు మొదటినుంచీ మామగారి దగ్గరికే వచ్చే మనిషి, నోరు కాస్త కటువు. విషయం విని ముఖం చిట్లించాడు.

"మీ చెయ్యి ఇలా తప్పదే సాయిబుగారూ. ఎవరండీ దీన్ని సెట్ చేసింది?"

మామగారి వెనక స్పానరు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా పేరు వస్తుందని తల దించుకున్నాను, రావడమే న్యాయం కూడా.

"నేనేనండీ," అన్నారు మామగారు. "కళ్లు మందగించినట్టున్నాయి."

మా పనిలో ఒక మనిషి తన కళ్ల గురించి అలా చెప్పుకోవడమంటే ముప్పై ఏళ్ల పేరును తన చేత్తో తీసి అవతల పెట్టడమే. నాకు ఏడుపొచ్చింది. మీటరు మీదికి వంగి, లేని దుమ్మును తుడుస్తూ ఉండిపోయాను. ఆ మాట అనడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఇప్పుడు నాకు ఆయన అప్పటి వయసు వచ్చింది, నా దగ్గరా పని నేర్చుకునేవాళ్లున్నారు. ఆ ఒక్క క్షణానికి చేరడానికి మనిషికి ఎన్నేళ్లు పడుతుందో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.