సార్‌గారి జీపు

మా ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఏముందా అని ఆలోచిస్తే పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన బీరువా ఒక్కటే తేలేది. దాని తాళాలు కూడా అత్తగారి దగ్గరే ఉండేవి. అందుకే జీపు కొన్నాను. అడిగినవాళ్ళకి రకరకాల కారణాలు చెప్పాను గానీ అసలు సంగతి అది. నలుగురూ చూసి "ఇది ఆవిడది" అనుకునే వస్తువు ఒక్కటి కావాలి నాకు.

జీపే ఎందుకంటే, నాకు బాగా తెలిసిన బండి అదే. మా నాన్న ఇరిగేషన్ ఆఫీసులో జీపు డ్రైవరు. ఆయన బానెట్‌లో తలదూర్చి ఏం విప్పినా పక్కనే నిలబడి చూసేదాన్ని. కాలవగట్టు మీద నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. పెళ్ళయి వనస్థలిపురం వచ్చాక ఈ కబుర్లు ఎక్కడా ఎత్తలేదు. మా అత్తగారికి వియ్యంకుడు "గవర్నమెంటు ఉద్యోగి" అని చెప్పుకోవడమే ఇష్టం.

గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్టు తరలిపోయాక ఒక కమీషన్ వ్యాపారి తన పాత జీపుని ఇంటి వెనకాల పడేశాడని, నేను పాఠాలు చెప్పే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఎవరో అంటే విని వెళ్ళాను. నాలుగు చక్రాలూ లాగే బండి. ఒకప్పుడు తోటల్లోకి, దుక్కి దున్నిన చేలల్లోకి దిగి బత్తాయిలు మోసుకొచ్చిందట. ఇప్పుడు సీట్ల నిండా ఎలుకల కాపురాలు. తుప్పు తిన్న ఫ్లోర్ చిల్లుల్లోంచి కింద గడ్డి కనిపిస్తోంది. అయినా నా మనసు దాని మీద పడిపోయింది. వ్యాపారి మాత్రం నన్ను, నా వెనక ఖాళీగా ఉన్న గేటుని మార్చి మార్చి చూశాడు.

"సార్ రాలేదామ్మా? సార్ ఒస్తె మాట్లాడుకుందాం."

"సార్‌కి దీని సంగతి తెలీదు. నాతోనే మాట్లాడండి."

"గట్లంటె ఎట్లమ్మా? రేపు సార్ ఒచ్చి లొల్లి పెడితె?"

ఆ లొల్లేదో ఇప్పుడే నేను పెడతానన్నాక బేరానికి దిగాడు. మరీ చవగ్గానే ఇచ్చాడు. పీడ వదిలిందనుకుని ఉంటాడు.

బండిని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టించాను. మా ఆయన చూసి నవ్వారు. "తుక్కుకి వేసినా ఎవరూ కొనరు కదే" అన్నారు. అత్తగారు నవ్వలేదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట నాన్నని అన్నదని నాకు తెలుసు. నాకు తెలియాలనే ఆవిడా అన్నది.

షెడ్డుకి ఇచ్చి చేయించుకునే స్తోమత లేదు. అందుకని ఇంజను, క్లచ్ పని మాత్రం ఎల్బీనగర్‌లో ఒక మెకానిక్‌కి అప్పగించి, మిగతాదంతా నేనే పెట్టుకున్నాను. క్లాసులు అయ్యాక సెల్లార్లో కూర్చుని వైర్ బ్రష్‌తో తుప్పు గోకేదాన్ని. అద్దాలు, లైట్లు, డోర్ హ్యాండిళ్ళు పాత సామాన్ల దుకాణాల్లో వెతికి తెచ్చాను. ఫ్లోర్‌కి రేకు ముక్కలు కోయించి వెల్డింగ్ చేయించాను. ఫోర్ వీల్ లివరు బిగుసుకుపోయి ఉంటే దాని మొదట్లో డీజిల్ పోస్తూ, రోజూ కాస్త కదుపుతూ, బతిమాలినట్టు దారికి తెచ్చాను. గోళ్ళలో గ్రీజు పోయేది కాదు. బోర్డు మీద రాస్తుంటే పిల్లలు నా చేతులే చూసేవాళ్ళు. మా ఆయన ఒక్కసారైనా కిందికొచ్చి స్పానర్ పట్టుకున్న పాపాన పోలేదు.

మెకానిక్ మంచివాడే గానీ వాడిదీ అదే పాట. "మేడం, సార్ నంబర్ ఇయ్యుండ్రి. ఏమేం మార్చాల్నో సార్‌కు సమ్‌జాయిస్త." నాకే సమ్‌జాయించమంటే గోడకి చెప్పినట్టు చెప్పేవాడు.

రంగు వేసి, కొత్త సీటు కవర్లు తొడిగాక బండి నిజంగా బాగుంది. చూస్తే ఒళ్ళు పులకరించింది. ఆర్సీలో నా పేరే. కానీ ఆర్సీ చూసేది పోలీసు ఒక్కడే కదా.

బండి పూజకి కాలనీ గుడికి వెళ్ళాం. ఆడపడుచూ వాళ్ళాయనా కూడా వచ్చారు. పూజారిగారు బానెట్ మీద పసుపు కుంకుమలు పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "యజమాని ఎక్కి ముందుకు కదిలించండి" అన్నారు. నేను కొంగు దోపుకుని అడుగు వేశాను. అత్తగారు నా చేతిలో తాళం తీసి మా ఆయన చేతిలో పెట్టారు. "ఎక్కరా" అన్నారు. ఆయన ఎక్కారు. గుడి ముందు రభస దేనికని నేను ఆగిపోయాను. ఆ ఆగడం ఇప్పటికీ నాకు మంటే.

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇంకోసారి కూడా. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి "ఏంటే ఇది?" అన్నారు. దగ్గరికెళ్ళి "క్లచ్ పూర్తిగా తొక్కండి. మెల్లగా వదలండి" అని చెప్పాను. ఎవరికీ వినపడకుండా చెప్పాను, పైగా. నిమ్మకాయలు నలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడపడుచు భర్త మా ఆయన భుజం తట్టి, "పాత బండిని ఎంత బాగా చేశావు బావా! ఎంత ఓపిక నీకు!" అన్నారు.

మా ఆయన నవ్వారు. "ఏదో, ఉన్నంతలో" అన్నారు. అబద్ధమేమీ ఆడలేదు. తనే చేశానని చెప్పలేదు, తను చెయ్యలేదనీ చెప్పలేదు. నేను పక్కనే ప్రసాదం పళ్ళెం పట్టుకుని ఉన్నాను. ఆ మనిషితో అన్నేళ్ళు కాపురం చేసినా ఆ రోజు అసహ్యించుకున్నంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

ఆ తర్వాత ఆదివారం కూరగాయల సంచి తీసుకుని, జీపు తాళం ఇమ్మన్నాను. తాళం ఆయన చొక్కా జేబులో ఉంది.

"ఎక్కడికి?"

"రైతుబజారుకి."

"ఆ బండి నీవల్ల కాదు. క్లచ్ బాగా గట్టి. నేను తెస్తాలే, ఏం కావాలో చెప్పు."

ఎగతాళికి అన్నారేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే నా గురించి బెంగపడుతున్నారు. నా చేతిలో సంచి తీసుకుని దిగి వెళ్ళిపోయారు. బాల్కనీలో నిలబడి చూశాను, కనీసం ఆ బండైనా మొరాయిస్తుందేమోనని. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. అంత బాగా చేశాను మరి.