డేగల కొండ మీద బాపు లెక్క

మా బాపుకు పక్షవాతం వచ్చిన ఏడాది కూడా నేను డేగల లెక్క మానలేదు. అందుకు బంధువులు నన్ను ఆడిపోసుకున్నారు. పోసుకోనీ. ఇచ్చోడలో టీచరు ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికిన ప్రతి పొద్దునా కొండెక్కి ఆకాశంలోకి చూస్తూ కూర్చునే మనిషిని వాళ్లు ముందునుంచీ పూర్తిగా నమ్మలేదు.

చలికాలం మన దిక్కున గడిపిన డేగలు మోదుగు పూసే రోజుల్లో ఉత్తరానికి తిరిగిపోతాయి. పొద్దెక్కి బండలు కాగితే వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలిలో రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోయి, అక్కణ్నుంచి జారుకుంటూ సాగిపోతాయి. తిరుగుతున్నంతసేపు లెక్కపెట్టకూడదు, ఒకదాన్నే రెండుసార్లు పట్టేస్తాం. కొండ అంచు దాటినప్పుడే లెక్క. చేతిలో చిన్న మిషన్ ఉంటుంది, ఒక్కో పక్షికి ఒక్క నొక్కు. పక్షుల పిచ్చి ఉన్న కొందరం కలిసి ఏటా చేసే పని ఇది. కొన్ని రోజులు ఒక్క డేగా రాదు. ఆ రోజు సున్నా రాయడం కూడా పనే.

బాపు సుల్తానాబాద్ మార్కెట్లో దడువాయి. వడ్ల బస్తాలు తూకం వేసి, ఎన్నయ్యాయో అందరికీ వినపడేలా పాడినట్టు చెప్పేవాడు. పక్షవాతం తర్వాత కాలు కొంత కోలుకుంది. కుడిచేయి లేవదు. మాట పూర్తిగా పోయింది. ఎదుటివాళ్లు అనేది తెలుస్తుందని, తన మాటే నోటికి అందదని డాక్టరు చెప్పాడు. నేనెక్కడున్నా పొద్దున్నే ఫోన్ చేసి "బిడ్డా" అని పిలిచే మనిషి. ఆ ఒక్క పిలుపు కోసం మొండికేశాను. ఆదిలాబాద్ ఆసుపత్రి దగ్గరని, నన్ను కన్న అవ్వనూ బాపునూ నా ఇంటికి తెచ్చుకున్నాను. రోజూ గ్లాసు చూపించి ఇదేంది, చెంచా చూపించి ఇదేంది, గుండె మీద చెయ్యి పెట్టుకుని నేనెవరు అని అడిగేదాన్ని. బాపు పెదవులు కదిలేవి. చెమట పట్టేది. చివరికి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"బడిపిల్లలను సతాయించినట్టు గట్ల సతాయిస్తున్నవేందే? మాట లేకుంటే లేకపాయె, మనిషైతే కండ్ల ముంగట ఉన్నడు గద," అంది అవ్వ. "నీ కొండకు తీస్కపో. జర గాలి తాకుతది."

కొండ మీదికి సెల్ టవర్ కోసం వేసిన మట్టిరోడ్డు ఉంది. జీపులో తీసుకెళ్లి, బండ నీడన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చాలాసేపు ఏమీ రాలేదు. నీళ్లు తాగించి, తలరుమాలు సర్ది, ఈ ఎండలో తెచ్చి తప్పు చేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడు దక్షిణాన, పత్తి తీసేసిన చేల మీంచి ఒక గుంపు లేచింది. సుడి తిరుగుతూ మా తలల మీదికి వచ్చింది. మొదటిది అంచు దాటింది. మిషన్ నొక్కాను.

"లాభం."

వెనక నుంచి వినిపించింది. మా దిక్కు ధాన్యం కొలిచేవాళ్లు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు.

"రెండు... మూడు..."

మార్కెట్లోని అదే రాగం. గొంతు మాత్రం బొంగురు పోయింది. నా వేలు మిషన్ మీదే ఆగిపోయింది. వెనక్కి తిరిగితే ఎక్కడ ఆపేస్తాడోనని కాసేపు తిరగనేలేదు. తిరిగి చూస్తే, బాపు ఎడమచెయ్యి ఎత్తి, దాటిన డేగ దాటినట్టు చెప్తున్నాడు. ఒక్కటీ తప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పదిహేడో డేగ కూడా దూరమై చుక్కయి కనుమరుగైంది.

నా ఆశకు అంతెక్కడ? కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడి, బాపు చెయ్యి పట్టుకున్నాను.

"బాపూ, నేనెవర్నే? ఒక్కసారి పిలువు."

బాపు నా ముఖంలోకి చూశాడు. నేనెవరో బాపుకు తెలుసు, ఆ కళ్లు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"పద్దెనిమిది," అన్నాడు.

అనుకున్నది రాలేదని తనకే తెలిసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే వచ్చింది. కన్నీళ్లు గడ్డం దాకా కారాయి. ఏళ్లతరబడి నోట నానిన లెక్కలూ పాటలూ కొందరికి మిగులుతాయని, అవి విని మాట వచ్చిందని ఆశపడొద్దని డాక్టరు ముందే చెప్పాడు. ఎవరి మీదో తెలియదు గానీ, నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే, ఇంక అడగొద్దు అనుకున్నాను. కొంగుతో బాపు ముఖం తుడిచాను.

బాపు నా చెయ్యి వదల్లేదు. నన్నే చూస్తూ, ఈసారి మెల్లగా, ఫోన్లో పిలిచేటప్పటి గొంతుతో, "పద్దెనిమిది" అన్నాడు.

"ఆఁ బాపూ," అని పలికాను.