టీచరమ్మ మీద పెట్టిన సంతకం

పద్దెనిమిదేళ్లుగా ఒక సంతకాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చిన పిల్లలతో అమీర్‌పేట ఫుట్‌పాత్‌లు కిక్కిరిసి ఉండేవి. వాళ్ల కోసం ఇడ్లీ బండి పెట్టాను. మునిసిపాలిటీ లారీ వచ్చినప్పుడల్లా పక్క బండ్లను ఎత్తుకుపోయేది, నాదాన్ని ముట్టేది కాదు. మా కార్పొరేటర్ సారు మాట అలాంటిది. మధ్యాహ్నాలు బస్తీ చర్చి వరండాలో మునిసిపాలిటీ తరఫున మా ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. నలభై దాటాక అక్కడే పలక పట్టాను. గ్రేస్ టీచరమ్మ, నా కూతురి వయసు పిల్ల, నా వేళ్ల మీద తన వేళ్లు వేసి నా పేరు దిద్దించింది.

ఆ ఏడు సారు తన వార్డులో చదువురాని ఆడది లేదని ప్రకటించుకోవాలనుకున్నారు. పంజాగుట్ట హోటల్లో సభ, పెద్దవాళ్ల చేత శాలువా. అందుకు మేం ముప్పై మందిమీ చదవగలమని టీచరమ్మ రాసివ్వాలి. ఆమె నలుగురికే రాసిచ్చింది. ఆ నలుగురిలో నేను లేను. ఆ కోపం కూడా నాలో ఉందా? ఉంది. ఇప్పటిదాకా ఒప్పుకోలేదు.

సారు మనిషి యాదగిరి బండి దగ్గరకు ఒక కాగితం తెచ్చాడు.

"టీచర్ సక్కగ వస్తలేదని రాసినం అక్కా. జర సంతకం పెట్టు."

"రోజూ వస్తది గద."

"వస్తది. నీ బండి సుత రోజూ ఉండాలె గద." నవ్వి ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నేను బొటనవేలు చాచాను. "ఏలిముద్ర ఎందుకక్కా? చదువుకున్నదానివైతివి."

పెట్టాను. కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. అక్షరాలు వంకర పోకూడదని ఊపిరి బిగబట్టి, అచ్చం ఆమె నేర్పినట్టే పెట్టాను.

వారం తిరగకుండా ఆమెను తీసేశారు. ఆఫీసులో ఇచ్చిన నకలు పట్టుకుని బండి దగ్గరకు వచ్చింది.

"సంతకం బాగా కుదిరింది అక్కా. ఒక్క తలకట్టు కూడా మర్చిపోలేదు."

నేను చట్నీలో గరిటె తిప్పాను.

"పైన ఏం రాశారో తెలుసా?"

"నాకేం తెల్సు టీచరమ్మ. నాకు చదువొస్తదా?"

"అయితే ఉంచుకో. వచ్చినప్పుడు చదువుకుందువుగాని."

సభ జరిగింది. శాలువా కప్పారు. కొత్త టీచరు ముప్పై మందికీ రాసిచ్చాడు. మరుసటి నెల క్లాసే ఎత్తేశారు. బండి మాత్రం నిలిచింది. ఇడ్లీలు తినడానికి వచ్చే ఆడపిల్లలను అడుగుతూ, కోచింగు సెంటర్ల బోర్డులు, కరపత్రాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. మూడేళ్లు పట్టింది. అప్పుడు పెట్టె అడుగునుంచి ఆ నకలు తీశాను.

సరిగ్గా రావడం లేదన్నది ఒక్క వాక్యమే. మిగిలిందంతా ఆమె నడవడి గురించి. మగవాళ్లతో తిరుగుతుందని, బస్తీ ఆడవాళ్లను చెడగొడుతోందని. కింద నా పేరు. పెళ్లికాని పిల్ల మీద ఆ మాటలను నా మాటలుగా ఆఫీసులో ఎంతమంది చదివి ఉంటారు?

తెలియక పెట్టానని అనుకుందామా? చాలాకాలం అలాగే అనుకుని నిద్రపోయాను. కానీ చిన్న అబద్ధమని తెలిసే పెట్టాను. దాని వెనక పెద్దది ఉందేమో చూడకుండా ఉండటానికి చదువు రాకపోవడం నాకు పనికొచ్చింది. ఎవరిచేతనైనా చదివించుకుని ఉండొచ్చు. బండి ముందు రోజూ వందమంది చదువుకున్నవాళ్లే కదా.

యూసుఫ్‌గూడలో ఆమె ఉన్న గదికి వెళ్లాను. ఎప్పుడో ఖాళీ చేసిందన్నారు. నిజం చెప్పాలంటే, ఆమె అక్కడ లేదని విన్నాక, ఎక్కడికి వెళ్లిందని కూడా అడక్కుండా వెనక్కి వచ్చేశాను.

టీచరమ్మ ఒక్కరోజు కూడా మానలేదు. ఆమె నడవడిలో ఏ లోపమూ లేదు. బండి కోసం, నన్ను ఆ నలుగురిలో చేర్చలేదన్న కోపంతో, నేను అబద్ధానికి సంతకం పెట్టాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఈ నాలుగు ముక్కల కోసం పొద్దుటి నుంచి కూర్చున్నాను. రాసేశాను.