జెరెమియా సార్ ట్యూనప్

సీతాఫల్‌మండి జెరెమియా సార్ ఏదైనా సరే, ఒక్కసారికి ఒక్కటే మారుస్తారు. కొత్త చొక్కా తొడిగిన రోజు ప్యాంటు పాతదే ఉండాలి. "రెండూ కొత్తవైతే దురద దేనివల్ల వచ్చిందో ఎలా తేలుతుంది?" అంటారు. దగ్గూ జ్వరమూ కలిసి వస్తే జ్వరానికి మాత్రమే మాత్ర వేసుకుని, అది తగ్గేదాకా హాయిగా దగ్గుతూ కూర్చుంటారు. ఉద్యోగమంతా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ లెక్కలు పిల్లలకు ఎంత వచ్చాయో తెలియదు కానీ, ఆయనకు మాత్రం బాగా ఒంటబట్టాయి.

ఆయన భార్య ప్రేమమణి గారిని కదిలిస్తే చాలు, పెళ్ళిచూపుల కథ ఎత్తుకుంటారు. "మా ఇంటికొచ్చి కాఫీ తాగి, నా వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయారమ్మా! 'ఇవాళ కాఫీ చూశాను, అమ్మాయిని వచ్చే ఆదివారం చూస్తాను' అన్నారు. మా నాన్న చెప్పు తీయబోయాడు."

"మరి ఎట్ల ఒప్పుకున్నరు ఆంటీ?" అనడిగింది కింది వాటా కల్పలత.

"మళ్ళీ ఆదివారం వస్తే కాఫీ ఇవ్వలేదు. గత్యంతరం లేక నన్ను చూశారు."

అలాంటి మనిషి చేతిలో కల్పలత కారు పడింది. దాని కథ చెప్పాలి.

కల్పలతకు, ఆమె భర్త తిరుమల్‌కు వీధి చివర ఒక కర్రీ పాయింట్ ఉంది. తిరుమల్ రోజూ పొద్దున్నే తమ పాతకాలపు చిన్నకారులో బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్ళి కూరగాయలు తెచ్చేవాడు, ఆమె వండేది. ఒకనాడు అతను మార్కెట్లో కుళ్ళిన టమాటా మీద కాలేసి, జారిపడి, కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. ఇక్కడి బజారులో కొని వండితే గిట్టుబాటు కాదు. కల్పలతకు లైసెన్సయితే ఉంది. అది తీసుకున్ననాటి నుంచీ బీరువాలో పట్టుచీర కింద భద్రంగా ఉంది. ఇప్పుడు ఆమె కారు నడిపితేనే దుకాణం నడుస్తుంది.

గుండె చిక్కబట్టుకుని బయల్దేరింది పాపం. ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి కారు బుసబుసా నల్లపొగ కక్కి, రెండు దగ్గులు దగ్గి, నడిమధ్యన ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు. ఎవడో తల బయటపెట్టి, "బండి రాకుంటే ఇంట్ల వంట చేస్కోరాదు!" అని అరిచాడు. ఓరి నీ తెలివి తెల్లారా, ఆవిడ వంట కోసమే కదా బయల్దేరింది! ఆ జవాబు, ఎలాగోలా కారును ఇంటికి చేర్చాక గానీ ఆమెకు తట్టలేదు.

"నాతోని గాదు," అని తాళంచెవి తిరుమల్ మంచం మీద పడేసింది. "కారు అమ్మెయ్యి. దుకాణం సుత బంద్ పెడదాం."

"దుకాణమేం జేసిందే?"

"కూరగాయలు వాటంతట అవి నడ్సుకుంట వస్తయా?" అని ఏడుపు షురూ చేసింది.

పెట్రోలు వాసనకు జెరెమియా సార్ మేడ దిగొచ్చారు. కారు వెనక వంగి, పొగగొట్టం దగ్గర ముక్కుపెట్టి, చారు వాసన చూసినట్టు చూశారు.

"రిచ్," అన్నారు.

"ఏంది సార్?"

"మీ ఇంజన్ రిచ్‌గా నడుస్తోందమ్మా."

"మా ఇంట్ల అదొక్కటన్న రిచ్ అయింది, సంతోషం!"

"అది కాదమ్మా. గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. అందుకే ఆ నల్లపొగ, ఈ వాసన." ఆయన కారులోకి తొంగిచూశారు. స్టీరింగ్ దగ్గర ఏదో చూసి ఒక్క క్షణం ఆగారు. కల్పలత ఎర్రబడ్డ కళ్ళను చూశారు. "మీ తప్పేం లేదు. తప్పంతా ఇంజన్‌ది. ఇంట్లోనే ట్యూనప్ చేసేద్దాం. కానీ ఒక్కసారికి ఒక్కటే."

మొదటి రోజు ప్లగ్గులు విప్పారు. అవి పొయ్యిలోంచి తీసినట్టు మసిపట్టి ఉన్నాయి. తీగల బ్రష్షుతో మెరిసేదాకా తోమారు.

"పనిల పని ఎయిర్ ఫిల్టర్ సుత దులుపుదాం సార్, పనైపోతది."

"అమ్మమ్మా! రెండూ చేస్తే దేనివల్ల బాగైందో తేలొద్దూ? ముందు టెస్ట్ డ్రైవ్. నాకు డ్రైవింగ్ రాదు, మీరు నడపండి. నేను పక్కన కూర్చుని వింటాను."

కల్పలత హ్యాండ్‌బ్యాగును సార్ తన ఒళ్ళో పెట్టుకుని, "ఇది ఊగితే చప్పుడు సరిగ్గా వినపడదు," అని కళ్ళు మూసుకున్నారు. సందు చివరిదాకా వెళ్ళొచ్చారు. పొగ ఒక పిసరు తగ్గింది.

మర్నాడు ఎయిర్ ఫిల్టర్. దులిపితే గోడకు పూసేంత మట్టి రాలింది. "దీని సంగతి ఎడమ మలుపుల్లో తెలుస్తుంది," అని స్టేషన్ దాకా తిప్పించారు. పొగ ఇంకాస్త తగ్గింది. మూడోనాడు కార్బొరేటర్ స్క్రూ ఇటు రవ్వంత, అటు రవ్వంత తిప్పి, "ఇది ఎత్తు ఎక్కేటప్పుడు వినాలి," అన్నారు.

"ఫ్లైఓవర్ మాత్రం వొద్దు సార్, మీకు దండం పెడత!"

"నాదేముందమ్మా, స్క్రూ అడుగుతోంది."

కారు మళ్ళీ అక్కడే ఆగింది. మళ్ళీ హారన్లే. జెరెమియా సార్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒక్కొక్కరే కొట్టండి బాబూ! అందరూ కలిసి కొడితే ఎవరికి తొందరో ఎలా తెలుస్తుంది?" అని అరిచారు. కల్పలతకు నవ్వు ఆగలేదు. నవ్వులో క్లచ్చు కుదురుగా లేచింది, కారు కదిలింది.

"గీ ట్యూనప్ అయ్యేలోపల నా కాలు అతుక్కుంటది!" అని మంచంలోంచి తిరుమల్ గొణిగేవాడు. ఆఖరికి బోయిన్‌పల్లి దాకా వెళ్ళినా, బరువు పరీక్ష పేరుతో సార్ సొరకాయలొక్కటే కొననిచ్చారు. ఆ రోజు కర్రీ పాయింట్‌లో సొరకాయ పప్పు, సొరకాయ పులుసు, సొరకాయ వేపుడు, సొరకాయ పచ్చడి. సీతాఫల్‌మండి జనం భరించారు.

"ఇంజన్ కుదిరింది. రేపు మీరొక్కరే వెళ్ళండి. మనిషిని తగ్గించి చూడాలి," అన్నారు సార్.

కల్పలత ఒంటరిగా బోయిన్‌పల్లి చేరింది. చేరేసరికి వెనకంతా నల్లపొగ! ఆకుకూరలమ్మే కమలాబాయి ముక్కు మూసుకుని వచ్చి లోపలికి చూసి, లబలబా నోరు కొట్టుకుంది.

"ఓ బిడ్డా, చౌకు గుంజి దానికి బ్యాగు తగిలేసినవేందే! మా ఆయన పాత జీపుకు సుత గదే ఉండె. పొద్దుగాల బండి సల్లగున్నప్పుడు గుంజుతరు, స్టార్ట్ అయినంక లోపలికి నూకాలె, లేకుంటే పెట్రోలు ఎక్కువ తాగి పొగ గక్కుతది. గది కొక్కెం గాదు!"

బ్యాగు తీసి, ఆ పిడి లోపలికి నెట్టగానే పొగ ఆగిపోయింది. ఫ్లైఓవర్ మీద ఆగిన మొదటి రోజూ కల్పలత బ్యాగు అక్కడే తగిలించింది, ట్యూనప్ రోజుల్లో సార్ దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు మరి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అంటే సార్‌కు తెలుసు! తెలిసే ఇన్నిరోజులు తిప్పించిండు! బుట్టలన్నీ ఎక్కించుకుని, ఆయన్ని ఏమేమనాలో దారిపొడుగునా నోట్లోనే అనుకుంటూ వచ్చింది. ట్రాఫిక్‌లో ఆగింది, కదిలింది, పక్కవాడికి హారన్ కూడా కొట్టింది. ఇంటి ముందు కారు ఆపాక తెలిసింది, మధ్యలో ఫ్లైఓవర్ ఎక్కి దిగిందని. ఎక్కినట్టే గుర్తులేదు.

అయినా కోపం వదల్లేదు. మేడమీదికి వెళ్ళి నిలదీసింది. "మొదటి రోజే జూసిండ్రు గద సార్! గప్పుడే ఎందుకు జెప్పలే?"

జెరెమియా సార్ తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డారు. "అప్పుడు మీరు ఏడుస్తున్నారమ్మా. తప్పు మీ బ్యాగుదేనని చెబితే మళ్ళీ తాళంచెవి ముట్టుకునేవారా? ముందు భయం తీయాలి, తర్వాత బ్యాగు తీయాలి. బ్యాగు సంగతి రేపటికి పెట్టుకున్నాను."

"మరి పొగ రోజూ కొంచెం కొంచెం ఎట్ల తగ్గింది?"

"మీరు బెల్టు పెట్టుకునేటప్పుడు చౌకు రోజుకింత లోపలికి నెట్టాను," అన్నారు తలవంచుకుని.

వంటింట్లోంచి ప్రేమమణి గారి గొంతు వినిపించింది. "డ్రైవింగ్ రాదని కూడా చెప్పారా? మరి స్కూలు జీపు అన్నేళ్ళు నడిపిందెవరో!"

"ప్రేమా, ఒక్కసారికి ఒక్కటి చాలు!" అని గాభరాపడ్డారు సార్.

కల్పలత పకపకా నవ్వేసింది. తను చిన్నబోకూడదని ఒక ఇంజన్ మీద ఇన్ని నిందలు వేసిన మనిషిని ఏమని తిడుతుంది? "మీ రుణం ఎట్ల తీర్చుకోవాల్నో సార్," అని రెండు చేతులూ జోడించింది. మనసు నిండిపోయింది. దుకాణం నిలబడింది, తనూ నిలబడింది.

కొన్ని వారాలకు తిరుమల్ కాలు అతుక్కుంది. ఒకనాడు పొద్దున్నే కట్టె పట్టుకుని కుంటుకుంటూ కారు దగ్గరికొచ్చాడు. కల్పలత అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది.

"జెర జరుగు, ఇగ నేను పోత."

"నువ్వు అటు దిక్కు నుంచి ఎక్కు."

అతను చుట్టూ తిరిగి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఫ్లైఓవర్ దగ్గరయ్యేసరికి డోరు పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏందీ, భయమైతాంది?"

"లే... జెర మెల్లగ పో."

"మెల్లగనే పోతున్నగని, నువ్వు జెర కండ్లు తెరువు," అని ఆమె గేరు మార్చి ఫ్లైఓవర్ ఎక్కించింది.