ఫైల్లో కనబడని ముప్పై ఒక్కరు

ఫారాలక్కకి నలభై మూడేళ్ళప్పుడు జరిగిన సంగతి ఇది. ఆమె అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. పదిహేడేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, బాలింతలనూ పసిబిడ్డలనూ చూసి, చంకలో ఫారాల కట్టతో మెట్లెక్కి దిగిన మనిషి. వార్డుల్లో ఆడవాళ్ళు సరదాగా పెట్టిన పేరే చివరికి నిలిచిపోయింది.

అంతకు రెండేళ్ళ ముందు ఒక నాలుగంతస్తుల భవనం మెట్ల మీద జారిపడి మోకాలి చిప్ప పగిలింది. ఇక మెట్లెక్కే పని పెట్టుకోవద్దని ఎముకల డాక్టరు తేల్చి చెప్పాడు. ఆమె పనిచేసే ఆరోగ్య పరిశోధన కేంద్రానికి పెద్ద, అందరూ డాక్టరమ్మ అని పిలిచే ఆవిడ, ఆమెను ఇంటికి పంపకుండా కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టారు. ఫారాల్లో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించడం పని. ఆరు నెలలు తిరగకుండానే అక్కడి డేటా మేనేజరు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అతని కుర్చీ ఖాళీ అయింది గానీ అతని పని అలాగే ఉండిపోయింది.

"నేను నేర్చుకుంటాను" అంది ఫారాలక్క. అన్న తర్వాత ఆమెకే భయమేసింది.

నేర్పింది సగటు మాస్టారు. గణాంక శాస్త్రం చెప్పి రిటైరై, వారానికి రెండు రోజులు కేంద్రానికి వచ్చే పెద్దాయన. "ఎలా ఉన్నారు మాస్టారూ?" అంటే "సగటున బాగానే ఉన్నానమ్మా" అనేవారు; అందుకే ఆ పేరు. ఆయన ఫైళ్ళు ఎలా కలపాలో, ఒక బిడ్డ పుట్టిన ఫారాన్నీ తర్వాతి ఫారాలనూ ఒకే నంబరు మీద ఎలా జతచెయ్యాలో చూపించారు. ఆమె రాత్రింబవళ్ళు కాదు, బస్సులో నేర్చుకుంది. పోనూ రానూ గంటన్నర ప్రయాణం. ఒడిలో నోటు పుస్తకం, అందులో కంప్యూటర్‌కి ఇచ్చే ఆదేశాలన్నీ చేత్తో రాసుకుని, ఎక్కడ కామా, ఎక్కడ బ్రాకెట్టు అని గొణుక్కునేది.

ఇంట్లో అభ్యాసం చేస్తుంటే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని తొంగిచూసేది.

"అదేంటే, ఇంగ్లీషులో తిడుతోందా నిన్ను?"

"అవునత్తయ్యా. ఒక్క కామా మర్చిపోయాను."

"నేనే నయం. ఉప్పు మర్చిపోతేనే తిడతాను."

ఆ రోజుల్లో కేంద్రం చేతిలో ఒకే పెద్ద పరిశోధన ఉండేది. బిడ్డ పుట్టిన మొదటి నెలలో ఆరోగ్య కార్యకర్త ఆరుసార్లు ఇంటికి వెళ్ళి చూడాలన్నది అప్పటి పద్ధతి. మనుషులు చాలడం లేదు, మూడుసార్లు వెళ్తే సరిపోదా అని ఆరోగ్య శాఖ అడిగింది. అందుకని ఆరు వార్డుల్లో పాత పద్ధతి, మరో ఆరు వార్డుల్లో మూడే సందర్శనలు పెట్టి చూశారు. మొత్తం పద్నాలుగు వందల పద్దెనిమిది మంది బిడ్డలు. ఒక్కొక్కరికీ ఒక నంబరు, ఒక ఫారాల కట్ట. మూడో నెల నిండేదాకా గమనించారు. ఆ పని మొదలైనప్పుడు ఫారాలక్క ఇంకా వార్డుల్లోనే తిరుగుతోంది. మొదటి వందల కట్టల్లో కొన్ని ఆమె చేతిరాతే.

ఆ ఫారాలన్నీ కలిపి, ఒక్కో బిడ్డకి ఒక్కో వరుసగా పేర్చి, లెక్క తేల్చే ప్రోగ్రామ్ రాయడం ఇప్పుడు ఆమె పని అయింది. అది ఒకచోట మొండికేసింది. ఏదో ఒక గడి ఖాళీగా కనబడగానే ఆగిపోయి ఎర్ర అక్షరాలు చిమ్మేది. నాలుగు రోజులు తల పట్టుకుని కూర్చున్నాక, పాత శిక్షణ కాగితాల్లో ఒక వాక్యం దొరికింది. ఖాళీ గడి ఉన్న వరుసను మొత్తం తీసెయ్యమని దానర్థం. అది చేర్చింది. ప్రోగ్రామ్ గలగలా పరిగెత్తింది. ఆ రోజు ఆమె ఆనందం చూసి పక్క గదివాళ్ళు కూడా వచ్చి చేతులు కలిపి వెళ్ళారు. మాస్టారు ఫలితాల పట్టికలు చూశారు, బాగుందన్నారు. ఆ ఒక్క వాక్యాన్ని ఆయన చూడలేదు, ఆమె చూపించనూ లేదు.

ఫలితం అందరికీ నచ్చేలా వచ్చింది. మూడైనా ఆరైనా తేడా లేదు. మరణాలు నాలుగు, అటు రెండు, ఇటు రెండు. గురువారం పదకొండు గంటలకు శాఖ అధికారి ముందు డాక్టరమ్మ ఈ సంగతి చెప్పాలి. మూడు సందర్శనల ఉత్తర్వు సంతకానికి సిద్ధంగా ఉందని కూడా తెలిసింది.

బుధవారం సాయంత్రం బస్టాపులో ఒకామె పలకరించింది. బట్టల మిల్లులో పనిచేసే మనిషి. మూడేళ్ళ క్రితం ఆమె ఆడపిల్ల తొమ్మిదో రోజున పోయింది.

"అక్కా, అప్పుడు రాసుకున్నారు కదా ఆ కాగితాలు, ఏం చేశారు?"

"రేపు వాటి మీదే మీటింగమ్మా. రిపోర్టు వస్తుంది."

"మా పిల్ల కూడా ఉంటుందా అందులో?"

"పేర్లుండవు, నంబర్లే. కానీ ఉంటుంది."

అలా చెప్పింది కాబట్టే, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకు వచ్చి రిపోర్టు ముప్పై ప్రతులు ప్రింటుకు పెట్టి, అవి వస్తున్నంతసేపూ ఊరికే కూర్చోలేక ఆ బిడ్డ నంబరు వెతికింది. నాలుగు వందల పదిహేడు.

దొరికిన వరుసలు సున్నా అని చూపించింది స్క్రీన్.

తప్పు కొట్టానేమో అనుకుంది. మళ్ళీ కొట్టింది. సున్నా. కలపక ముందున్న అసలు ఫైలు తెరిచింది. అక్కడ ఉంది. ప్రోగ్రామ్ నడిచిన తర్వాతి ఫైల్లో లేదు. రెండు ఫైళ్ళలో వరుసలు లెక్కపెట్టించింది. ఒకదాంట్లో పద్నాలుగు వందల పద్దెనిమిది. ఇంకోదాంట్లో పదమూడు వందల ఎనభై ఏడు.

ముప్పై ఒక్క మంది లేరు.

ఆమెకి అప్పుడే అర్థమైంది. ఇరవై ఎనిమిదో రోజు బిడ్డ బరువు అని ఒక గడి ఉంది. అంతకు ముందే పోయిన బిడ్డకి ఆ గడిలో ఏం రాస్తారు? ఏమీ రాయరు. గడి ఖాళీగా ఉంది కాబట్టి బిడ్డ మొత్తం పోయింది. ఆ నాలుగు మరణాల్లో మిల్లు ఆమె పిల్ల ఒకటని ఇన్నాళ్ళూ ఫారాలక్క అనుకుంటోంది. నిజానికి ఆ నాలుగూ నెల దాటాక పోయినవాళ్ళు.

వెనక ప్రింటరు చప్పుడు చేస్తూనే ఉంది. లేచి స్విచ్చి తీసేసింది. లేని ముప్పై ఒక్కరినీ విడిగా తీయించింది. పన్నెండు మంది ఊరు మారినవాళ్ళు. పంతొమ్మిది మంది చనిపోయినవాళ్ళు. ఆరు సందర్శనల వార్డుల్లో అయిదుగురు. మూడు సందర్శనల వార్డుల్లో పద్నాలుగు మంది.

అయిదు, పద్నాలుగు. ఆ రెండంకెలూ కాగితం మీద రాసుకుంది.

ఎవరూ చూడలేదు కదా అన్న ఆలోచన రాకపోలేదు. ఫైలు మూసేస్తే చాలు, ప్రింటరు మళ్ళీ నడుస్తుంది. వచ్చే నెల ఆమె ఉద్యోగం పొడిగించాలో వద్దో తేల్చేది కూడా డాక్టరమ్మే. ఒక్క నిమిషం, బహుశా రెండు నిమిషాలు ఆమె అలాగే కూర్చుంది. అంతసేపు ఎలా కూర్చోగలిగానా అని తర్వాత చాలాకాలం బాధపడింది.

తర్వాత కాగితాల గది తాళం తీసి, మోకాలు వంగకపోయినా నేల మీద చతికిలబడి, ఆ పంతొమ్మిది కట్టలూ ఒక్కొక్కటే లాగింది. కంప్యూటర్లో ఎక్కించినప్పుడే ఎవరైనా తప్పు కొట్టి ఉంటే బాగుండునని లోపల ఒకటే ఆశ. ఎవరూ తప్పు కొట్టలేదు. నాలుగు వందల పదిహేడు కట్టలో ఆమె రాతే ఉంది. రెండో రోజు చూశాను, బాగుంది. తర్వాతి సందర్శన పద్నాలుగో రోజు. దాని కింద వేరే సిరాతో, తొమ్మిదో రోజు పాలు తాగడం మానేసిందనీ ఆసుపత్రికి చేరేలోపే పోయిందనీ రాసి ఉంది.

తొమ్మిదీ నలభైకి డాక్టరమ్మ వచ్చారు. కట్టలు గుండెలకు ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డ ఫారాలక్కను చూసి, "ప్రతులు అయ్యాయా?" అన్నారు.

"ఆపేశానమ్మా. లెక్క తప్పు. నేనే తప్పు రాశాను."

చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పేసింది. డాక్టరమ్మ చేతిసంచి భుజాన అలాగే ఉండిపోయింది.

"ఏమంటున్నావో తెలుస్తోందా? గంటలో నేను అక్కడ ఉండాలి."

"తెలుసమ్మా."

"ఎనిమిది నెలల నుంచీ ఉందా ఈ వాక్యం?"

"ఎనిమిది నెలల నుంచీ ఉంది."

"ఇంకెవరికి తెలుసు?"

"మీకూ నాకూ."

డాక్టరమ్మ కుర్చీలో కూర్చున్నారు. కట్టలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. గోడ గడియారం వంక చూడకూడదని ఇద్దరూ ప్రయత్నిస్తున్నారు. మాస్టారికి ఫోను చేసి స్పీకరు పెట్టారు. ఆయన అంతా విన్నారు.

"పట్టికలు చూసి బాగుందన్నది నేను. ప్రోగ్రామ్ చూపించమని అడగాల్సింది. నన్ను కూడా కలుపుకోండి ఆ తప్పులో" అన్నారు.

డాక్టరమ్మ ఫోను పెట్టేసి, ఎవరితోనూ కాదన్నట్టు అన్నారు. "నాలుగే మరణాలని చూసినప్పుడు నాకూ అనిపించింది, ఇంత తక్కువేంటా అని. మంచి వార్తే కదా అని ఊరుకున్నాను." ఆ తర్వాత లేచి, "నువ్వు కూడా రా" అన్నారు.

కారులో ఫారాలక్క అరచేతులు చీర కొంగుకి తుడుచుకుంటూనే ఉంది.

శాఖ హాలులో పొడవాటి బల్ల చుట్టూ పద్దెనిమిది మంది. డాక్టరమ్మ నిలబడి, ఈ రోజు ఫలితాలు చెప్పలేమని, చనిపోయిన పంతొమ్మిది మంది బిడ్డలు లెక్కలోంచి జారిపోయారని ఈ ఉదయమే తెలిసిందని, మూడు వారాలు కావాలని చెప్పారు. అధికారి కలం బల్ల మీద పెట్టాడు.

"మీటింగుకి గంట ముందా దొరికేది? మేమంతా పనులు మానుకుని వచ్చాం. ఎవరు చేశారు ఈ తప్పు?"

డాక్టరమ్మ "బాధ్యత నాది" అనేలోపే ఫారాలక్క లేచి నిలబడింది. మోకాలు కలుక్కుమంది.

"రాసింది నేనేనండి."

"పంతొమ్మిది మంది పసిపిల్లల్ని మర్చిపోయారా?"

"మర్చిపోలేదండి. వాళ్ళలో ముగ్గురి ఇళ్ళకి నేనే వెళ్ళాను. ఖాళీ గడులు తీసెయ్యమని రాశాను, వాళ్ళూ పోతారని ఆలోచించలేదు." బల్ల అంచు పట్టుకుని మళ్ళీ అంది. "మూడు చాలని ఈరోజు మీరు సంతకం పెడితే, అది నా తప్పు మీద పెట్టినట్టవుతుంది. అందుకే వచ్చి చెబుతున్నానండి."

అధికారి ఆమెను మెచ్చుకోలేదు. ముఖం చిట్లించి, ఉత్తర్వు ఫైలు మూసి పక్కకు నెట్టి, "మూడు వారాలు. ఒక్కరోజు ఎక్కువ ఇవ్వను" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బస్సు డ్రైవరైన ఆమె భర్త సంగతంతా విన్నాడు. "బండి బ్రేకు పోయిందని దారిలో తెలిస్తే పక్కకు తీసి ఆపుతాం. ప్రయాణికులు తిడతారు. ఏం చేస్తాం, తిట్టనీ" అని కంచం ఆమె ముందుకు జరిపాడు. ఆమె తినలేకపోయింది.

మూడు వారాలూ ఊపిరాడలేదు. మాస్టారు ఒక గదిలో, ఆమె ఇంకో గదిలో, ఒకరి ప్రోగ్రామ్ ఒకరు చూడకుండా మొదటినుంచీ రాశారు. రెండుసార్లు ఇద్దరి అంకెలూ కలవలేదు. రెండోసారి తప్పు మాస్టారిది. ఆయన అది తెలిసి, పండగ సెలవు దొరికిన పిల్లాడిలా నవ్వారు. పోయారని రాసిన పంతొమ్మిది ఇళ్ళకీ మనిషిని పంపి నిర్ధారించుకోవాలన్నారు డాక్టరమ్మ. అయిదిళ్ళకు ఫారాలక్క తానే వెళ్తానంది. కొన్ని గుమ్మాల దగ్గర తిట్లు తింది. ఒకామె తలుపు తియ్యనే లేదు.

అయిదో ఇంటి దగ్గర, మూడో అంతస్తులో, ఆయాసంతో గోడకు ఆనుకుని ఆమె ప్రశ్న ఎలా అడగాలా అని మాటలు వెతుక్కుంటుంటే, తలుపు సందులోంచి మూడేళ్ళ పిల్లవాడు దూసుకొచ్చి ఆమె ఫారం లాక్కున్నాడు.

"వీడేనా... వీడి అన్నా తమ్ముళ్ళు..." అంది ఫారాలక్క.

"ఒక్కడేనండీ. వీడితోనే చస్తున్నాం" అంది తల్లి.

అప్పట్లో ఆమె బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. ఊరు మారారు అనే గడి బదులు దాని కింద ఉన్న చనిపోయారు అనే గడిలో టిక్కు పెట్టింది ఎవరో కార్యకర్త. ఫారాలక్క మెట్ల మీదే కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకుంది. కాలు నొప్పా అని ఆ తల్లి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ పిల్లవాణ్ణి మరణాల్లోంచి తీసేశాక చివరికి తేలిన లెక్క ఇది. మూడు నెలల్లో ఆరు సందర్శనల వైపు ఏడు మరణాలు, మూడు సందర్శనల వైపు పదిహేను. ఈసారి అధికారి ముందు మాస్టారే మాట్లాడారు.

"ఇంతమందిలో ఇంత తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. మూడు సందర్శనల వల్లే పోయారని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ మూడు చాలని చెప్పే హక్కు మాత్రం మనకి లేదు."

అధికారి విసుక్కున్నాడు. ఔననో కాదనో చెప్పండి అన్నాడు. మాస్టారు చెప్పలేదు. నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఆరు సందర్శనలు అలాగే ఉంటాయి. ఇంకా పెద్ద పరిశోధన చెయ్యాలి.

ఫారాలక్కకి హెచ్చరిక మెమో ఇచ్చారు. ఉద్యోగం ఏడాదికి కాకుండా ఆరు నెలలకే పొడిగించారు. మెమో మీద సంతకం పెట్టింది డాక్టరమ్మే. ఆవిడే ఆ వారంలో కొత్త నియమం కూడా రాశారు: ఇద్దరు విడివిడిగా లెక్కకట్టి కలవనిదే ఒక్క అంకె కూడా గడప దాటకూడదు. ఫారాలక్క ఆ మెమోని ఎవరికీ చూపించుకోలేదు, దాచుకోనూ లేదు. అత్తగారు దాని వెనక ఖాళీ ఉందని చాకలి బట్టల లెక్క రాసేసింది.

ఇప్పుడు కొత్త పరిశోధనకి ఫారాలు తయారవుతున్నాయి. ఇరవై రెండు వార్డులు, ఆరువేల మంది బిడ్డలు. మొదటి ముసాయిదా పట్టుకుని ఆమె వార్డు కార్యకర్తల మధ్య కూర్చుంది. బిడ్డ బతికుందా, పోయిందా, ఊరు మారిందా అన్న ప్రశ్నకి విడిగా ఒక పేజీ కావాలని ఆమె పట్టు. ఒక్క ప్రశ్నకి పేజీ అంతా ఎందుకక్కా, మోసేది మేము కదా అని వాళ్ళు. గంటన్నర గొడవపడ్డారు. అర పేజీకి ఒప్పుకున్నారు.